కెర్నల్ బిల్డ్‌లో ప్రాసెసర్ ఆప్షన్లు: జెనెరిక్ మేలా, నేటివ్ మేలా?

సొంతంగా లినక్స్ కెర్నల్ (హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రామ్‌లకూ మధ్య ఉండే సిస్టమ్ గుండెకాయ) బిల్డ్ చేసుకునేవాళ్లలో చాలామంది మెనూకాన్ఫిగ్ అనే సెట్టింగ్స్ మెనూ తెరవగానే నేరుగా 'ప్రాసెసర్ టైప్ అండ్ ఫీచర్స్' లోకి వెళ్తారు. తమ చిప్ పేరు వెతికి టిక్ పెడితే మెషిన్ పరుగందుకుంటుందని ఆశ. నేనూ ఏళ్లపాటు అదే ఆశతో చేశాను. రకరకాల మెషిన్ల మీద చేసి చూశాక నా అభిప్రాయం మారింది. ఆ మెనూలో మనం గంటలకొద్దీ మథనపడే ఆప్షన్ వల్ల వచ్చే లాభం కొంచెమే. చూడకుండా దాటేసే వాటి దగ్గరే అసలు దెబ్బ తగులుతుంది.

ఇక్కడ రాసేదంతా 64-బిట్ ఇంటెల్, ఏఎండీ మెషిన్ల గురించి. ఆర్మ్ బోర్డుల లెక్క వేరు.

పేరు చూసి టిక్ పెట్టే రోజులు

కొన్నేళ్ల కిందటి కెర్నల్ సోర్స్ తీస్తే 'ప్రాసెసర్ ఫ్యామిలీ' కింద 64-బిట్‌కు ఐదు పేర్లు కనిపిస్తాయి: ఆప్టెరాన్/అథ్లాన్64, పెంటియం 4 తరం జియాన్, కోర్2, ఆటమ్, చివరగా జెనెరిక్. రైజెన్ కొన్నవాళ్లు 'మనది ఏఎండీయే కదా' అని మొదటిదాని మీద టిక్ పెట్టేసేవాళ్లు. ఆ టిక్‌తో కంపైలర్‌కు (సోర్స్‌ను చిప్‌కు అర్థమయ్యే కోడ్‌గా మార్చే ప్రోగ్రామ్‌కు) మనం చెప్పేదేమిటంటే, ఇది 2003లో వచ్చిన కే8 చిప్, దానికి సరిపడేలా కోడ్ తయారుచెయ్యి అని. ఎదిగిన కొడుక్కి చిన్నప్పటి కొలతలతో చొక్కా కుట్టించినట్టు అవుతుంది. జియాన్ ఆప్షన్‌తో ఇంకో నష్టం. అది క్యాష్ లైన్‌ను (చిప్ మెమరీలోంచి ఒక్కసారి తెచ్చుకునే ముక్కను) 128 బైట్లుగా లెక్కేసి డేటాను దూరదూరంగా పేర్చేది. ఇప్పటి చిప్‌లలో క్యాష్ లైన్ 64 బైట్లే కాబట్టి మధ్యలో జాగా ఊరికే పోయేది.

ఆ ఐదింటిలో ఎప్పుడూ జెనెరిక్కే మేలు. ఇందులో నాకు అనుమానం లేదు. కెర్నల్ డెవలపర్లు కూడా ఈ జాబితా జనాన్ని తికమక పెడుతోందని గుర్తించి, ఈ మధ్యే ఆ పాత 64-బిట్ పేర్లను తీసేశారు. 2025లో వచ్చిన 6.16 నుంచి లెక్క తేలికైంది: ఊరుకుంటే జెనెరిక్, కావాలంటే 'నేటివ్ సీపీయూ' అని ఒక్క టిక్.

జెనెరిక్, నేటివ్ పక్కపక్కన

జెనెరిక్ అంటే ప్రతి 64-బిట్ ఎక్స్86 (ఇంటెల్, ఏఎండీ రకం) చిప్‌లోనూ ఉండే ఇన్‌స్ట్రక్షన్లే, అంటే చిప్‌కు తెలిసిన ఆదేశాలే వాడటం. మొదటి అథ్లాన్64 మీద నడుస్తుంది, నిన్న కొన్న రైజెన్ మీదా నడుస్తుంది. నేటివ్ అంటే బిల్డ్ జరుగుతున్న మెషిన్‌లో ఏమేం ఉన్నాయో కంపైలరే కనుక్కుని అన్నీ వాడేసుకోవడం.

వినడానికి నేటివ్‌దే పైచేయి. మామూలు ప్రోగ్రామ్‌ల విషయంలో కొన్నిసార్లు అది నిజం కూడా. వీడియో ఎన్‌కోడర్ లాంటివాటికి ఏవీఎక్స్ (ఒకేసారి చాలా అంకెల మీద పనిచేసే ఇన్‌స్ట్రక్షన్లు) దొరికితే వేగం బాగా పెరుగుతుంది. కెర్నల్ దగ్గరికొచ్చేసరికి ఆ బలం అక్కరకు రాదు. కారణం ఎక్కడో లేదు, బిల్డ్ సూచనలుండే కెర్నల్ మేక్‌ఫైల్‌లోనే ఉంది. ఎస్ఎస్ఈ (ఏవీఎక్స్‌కు ముందు తరం), ఏవీఎక్స్ రిజిస్టర్లను (చిప్‌లోని చిన్న నిల్వ అరలను) ముట్టుకోవద్దని అక్కడ కంపైలర్‌కు గట్టిగా కట్టడి చేస్తారు. ప్రోగ్రామ్ కెర్నల్‌ను పని అడిగే ప్రతి సిస్టమ్ కాల్‌కూ ఆ పెద్ద రిజిస్టర్లను దాచి, మళ్లీ నింపాల్సి వస్తే అయ్యే ఖర్చు తడిసి మోపెడవుతుంది కాబట్టి ఆ నియమం. నేటివ్ టిక్ పెట్టినా ఆ కట్టడి అలాగే ఉంటుంది. ఇక మిగిలేవి బీఎంఐ2 లాంటి చిన్న ఇంటీజర్ ఇన్‌స్ట్రక్షన్లు.

మరి ఏవీఎక్స్ నిజంగా అవసరమైన చోట? అక్కడ కెర్నల్ కంపైలర్ మీద ఆధారపడదు, బూట్ అయ్యేటప్పుడు తానే చూసుకుంటుంది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్ గానీ సాఫ్ట్‌వేర్ రెయిడ్ (చాలా డిస్కులను కలిపి వాడే పద్ధతి) గానీ వాడేవాళ్లు డీమెసేజ్ (కెర్నల్ రాసుకునే లాగ్) తెరిచి 'రెయిడ్6' అని వెతకండి. ఎస్ఎస్ఈ2తో ఇంత వేగం, ఏవీఎక్స్2తో ఇంత అని వరసగా కొలిచిన లైన్లుంటాయి. చివర్లో 'యూజింగ్ అల్గారిథమ్' అని గెలిచినదాని పేరు ఉంటుంది. జెనెరిక్ కెర్నల్‌లోనే ఇదంతా జరుగుతుంది. ఇంకా లోతుగా వెళ్తే 'ఆల్టర్నేటివ్స్' అనే ఏర్పాటుంది. చిప్‌లో ఏ సౌకర్యాలున్నాయో చూసి, మెమరీలో ఉన్న తన కోడ్‌లోని కొన్ని ఇన్‌స్ట్రక్షన్లను కెర్నల్ అక్కడికక్కడే మార్చి రాసుకుంటుంది. నాకు ఈ కెర్నల్‌లో అన్నిటికంటే నచ్చిన పనితనం ఇదే. పైకి జెనెరిక్ అన్న పేరున్నా, అది లేచి నిలబడేసరికి సగం మన చిప్‌కు తగ్గట్టు మారిపోయి ఉంటుంది.

ఇంకో సంగతి. మీరు రోజూ చేసే పనిని 'టైమ్' కమాండ్‌తో నడిపి చూడండి. చివర్లో రియల్, యూజర్, సిస్ అని మూడు అంకెలు వస్తాయి. యూజర్ అంటే ప్రోగ్రామ్ తాను వాడిన సమయం, సిస్ అంటే దానికోసం కెర్నల్ వాడినది. కంపైలింగ్ లాంటి పనిలో సిస్ అంకె యూజర్ అంకె ముందు చాలా చిన్నది. నేటివ్ టిక్ తాకేది ఆ చిన్న అంకెలోని కొద్ది భాగాన్నే.

నేటివ్‌తో నష్టం మాత్రం చిన్నది కాదు. డెస్క్‌టాప్‌లో రైజెన్ ఉంది కదా, త్వరగా అయిపోతుందని మా తమ్ముడి పాత ల్యాప్‌టాప్‌కు కూడా అందులోనే కెర్నల్ బిల్డ్ చేశాను. తన చిప్ 2012 నాటి మూడో తరం ఐ5. ప్యాకేజీ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని వెళ్లి ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ కొట్టాను. 'లోడింగ్ ఇనీషియల్ రామ్‌డిస్క్' అన్న లైన్ దగ్గర ఆగిపోయింది. ఎర్రర్ లేదు, ప్యానిక్ మెసేజ్ లేదు, కర్సర్ కూడా లేదు. తమ్ముడికి మర్నాడు ప్రాజెక్ట్ సబ్‌మిషన్, ఇద్దరికీ టెన్షన్. డిస్క్ పోయిందేమో అనుకున్నాం. గ్రబ్ అనే బూట్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంటే చక్కగా లేచింది. అప్పుడు వెలిగింది. బీఎంఐ2 ఇంటెల్‌లో వచ్చిందే 2013 నాటి హాస్‌వెల్‌తో. తన చిప్‌కు తెలియని ఇన్‌స్ట్రక్షన్ మొదట్లోనే ఎదురైంది, స్క్రీన్ మీద ఏదైనా రాసే దశకు కూడా కెర్నల్ చేరలేదు.

కాబట్టి బిల్డ్ చేసే మెషిన్, నడిపే మెషిన్ ఒకటే అయి, ఆ డిస్క్‌ను వేరే మెషిన్‌కు ఎప్పటికీ తగిలించనంటే నేటివ్ పెట్టుకోండి, తప్పు లేదు. రెండో మెషిన్ ప్రసక్తి ఉందంటే జెనెరిక్కే.

ఎన్ని సీపీయూలు?

నేటివ్ గురించి పదిమంది అడిగితే దీని గురించి ఒక్కరు కూడా అడగరు. 'మాగ్జిమమ్ నంబర్ ఆఫ్ సీపీయూస్' అనే ఎంట్రీ ఒకటుంటుంది. పెద్ద డిస్ట్రోల (తయారుగా దొరికే లినక్స్‌ల) కెర్నల్స్‌లో చాలావరకు అది 8192. మన ఇంట్లో ఉండేవి మహా అయితే 8, 12, 16.

ఈ అంకె ఎక్కడ పనిచేస్తుందంటే, ఏ సీపీయూ పనిలో ఉంది, ఏది లేదు అని కెర్నల్ ఒక హాజరు పట్టీ రాసుకుంటుంది. సీపీయూకు ఒక బిట్. 64 లోపైతే పట్టీ మొత్తం 8 బైట్లు, ఒక్క రిజిస్టర్‌లో పట్టేస్తుంది. 8192 అయితే పట్టీ 1024 బైట్లు. కెర్నల్ స్టాక్ (పని మధ్యలో వాడుకునే తాత్కాలిక జాగా) మొత్తం 16 కేబీ ఉంటే, ఒక్కో పట్టీ ఒక కేబీ తినేస్తే ఎలా? అందుకే అంత పెద్ద అంకె పెట్టినప్పుడు పట్టీలను స్టాక్‌లో కాకుండా వేరే చోట జాగా అడిగి పెట్టుకునే పద్ధతి కూడా ఆన్ అవుతుంది. అంటే కొంచెం అదనపు పని.

అలాగని 8192 చూసి కంగారు పడక్కర్లేదు. డీమెసేజ్‌లో 'సెటప్ పర్‌సీపీయూ' అనే లైన్ చూస్తే మొదట 8192 అనీ, పక్కనే అసలు సీపీయూల సంఖ్య, నా డెస్క్‌టాప్‌లో అయితే 12 అనీ కనిపిస్తాయి. ఒక్కో సీపీయూకు విడిగా ఇచ్చే మెమరీని కెర్నల్ బూట్‌లో లెక్క తేలాకే కేటాయిస్తుంది. వేలమందికి విస్తళ్లు వేసి కూర్చోదు. డిస్ట్రోవాళ్లు పెద్ద అంకె పెట్టడంలో తప్పేమీ లేదు, వాళ్ల కెర్నల్ ల్యాప్‌టాప్‌లోనూ డేటా సెంటర్‌లోనూ నడవాలి.

సొంత బిల్డ్‌లో నేను పెట్టేది 64. అసలు సంఖ్యకు కుదించి ఇంకో నాలుగు కేబీ మిగుల్చుకోవాలన్న ఆశ వద్దు, ఎందుకంటే తప్పు అంతా అక్కడే జరుగుతుంది. ఇక్కడ లెక్క కోర్లది కాదు, థ్రెడ్లది (ఒక్క కోర్ రెండు సీపీయూలుగా కనిపించొచ్చు). '6 కోర్ ప్రాసెసర్' అని పెట్టె మీద చూసి 6 వేశారనుకోండి, 12 థ్రెడ్లలో సగం కెర్నల్ కళ్లబడవు. మెషిన్ బూట్ అవుతుంది, అన్నీ పనిచేస్తాయి, నెమ్మదిగా. లిమిట్ దాటింది, ఈ ప్రాసెసర్‌ను వదిలేస్తున్నాను అని డీమెసేజ్‌లో రాసి ఉంటుంది గానీ అది ఎవరు చదువుతారు? మిత్రుడొకడు నెలరోజులు వేడి వల్ల స్లో అవుతోందనుకుని థర్మల్ పేస్ట్ రెండుసార్లు మార్చాడు. సీపీయూకో బార్ చూపే హెచ్‌టాప్ తెరిస్తే బార్లు ఆరే ఉన్నాయి. బిల్డ్‌కు ముందు ఎన్‌ప్రాక్ (థ్రెడ్ల సంఖ్య చెప్పే కమాండ్) కొట్టి చూసుకోండి. క్లౌడ్ వర్చువల్ మెషిన్ అయితే రేపు సైజు పెంచే అవకాశం కూడా లెక్కలో ఉంచుకోండి.

తీసేద్దామనిపించినా తీయకూడనివి

'సపోర్టెడ్ ప్రాసెసర్ వెండర్స్' అనే జాబితాలో ఇంటెల్, ఏఎండీ తదితరాలన్నీ ఆన్‌లో ఉంటాయి. అవసరం లేనివి తీసేస్తే కెర్నల్ పిసరంత తగ్గుతుంది. పొరపాటున మన చిప్ కంపెనీదే తీస్తే అసలు బూట్ కాకపోవచ్చని హెల్ప్‌లోనే రాసి ఉంది. పిసరంత లాభం కోసం అంత రిస్క్ ఎందుకు? మదర్‌బోర్డ్ మార్చినప్పుడు ఈ టిక్ తీసిన సంగతి ఎవరికీ గుర్తుండదు. మైక్రోకోడ్ లోడింగ్ (చిప్ లోపలి కోడ్‌కు సవరణలు ఎక్కించడం) కూడా అంతే, ఉండనివ్వండి.

'సీపీయూ మిటిగేషన్స్' మాటకొస్తే నా అభిప్రాయం ఇంకా గట్టిది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే చిప్ భద్రతా లోపాలు బయటపడ్డాక వచ్చిన రక్షణలు ఇవి. వీటి వల్ల కొంత వేగం పోతుంది, నిజమే, పాత చిప్‌లలో మరీ ఎక్కువ. అయినా బ్రౌజర్ తెరిచే మెషిన్‌లో వీటిని కాన్ఫిగ్‌లోంచి తీసేయడం తలుపు గడియ పీకేయడమే. తేడా ఎంతో చూడాలంటే బూట్ లైన్‌లో మిటిగేషన్స్ ఆఫ్ అని రాసి ఒకసారి కొలవండి, మళ్లీ తీసేయండి. కాన్ఫిగ్‌లో తీసేస్తే వెనక్కి రావడానికి ఇంకో బిల్డ్ కావాలి. ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ చివర్లో మీ చిప్‌కు ఏ లోపాలున్నాయో, దేనికి ఏ రక్షణ ఉందో జాబితా వస్తుంది. కొత్త చిప్‌లలో చాలావాటికి ఎదురుగా 'నాట్ అఫెక్టెడ్' అనే ఉంటుంది, అక్కడ తీసినా పెద్దగా మిగిలేదేం లేదు.

నూమా (ఏ ప్రాసెసర్‌కు ఏ మెమరీ దగ్గరో చూసుకునే ఏర్పాటు) గురించి ఒక్క మాట: రెండు సాకెట్ల సర్వర్‌లో తీయకండి, ల్యాప్‌టాప్‌లో ఉన్నా లేకున్నా తేడా తెలియదు. టైమర్ (సెకనుకు కెర్నల్ గడియారం కొట్టే టిక్కుల సంఖ్య) 250 ఉంటే చాలు, ఆడియో పని చేసేవాళ్లు 1000 పెట్టుకోండి.

సమయం నిజంగా మిగిలేది

వేగం కోసమే ఈ తిప్పలన్నీ అయితే, చెయ్యాల్సింది ఈ మెనూ బయట ఉంది. మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అని కొడితే, ఆ క్షణాన లోడ్ అయి ఉన్న మాడ్యూళ్లను (డ్రైవర్ల లాంటి విడి ముక్కలను) మాత్రమే ఉంచి మిగతావి తీసేస్తుంది. వేల డ్రైవర్లు వందల్లోకి వస్తాయి. డిస్ట్రో కాన్ఫిగ్‌తో రాత్రంతా పట్టిన బిల్డ్ తమ్ముడి ల్యాప్‌టాప్‌లోనే భోజనం చేసి వచ్చేలోపు అయిపోయింది. ఇంత లాభం ముందు నేటివ్ టిక్ ఏపాటి?

దీనికి ఒకే జాగ్రత్త. కమాండ్ కొట్టేముందు మీరు వాడేవన్నీ తగిలించండి: పెన్‌డ్రైవ్, ప్రింటర్, వెబ్‌క్యామ్, ఫోన్ టెదరింగ్, బ్లూటూత్ హెడ్‌సెట్. ఒక్కోటీ తగిలించి ఒకసారి వాడాకే దాని మాడ్యూల్ లోడ్ అవుతుంది. ఏఎండీ మెషిన్ అయితే పవర్ మేనేజ్‌మెంట్ మెనూలో ఏఎండీ పీ-స్టేట్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. 5.17లో వచ్చిన ఈ డ్రైవర్ ఉంటే క్లాక్ వేగం అవసరాన్ని బట్టి సాఫీగా మారుతుంది. బ్యాటరీ మీద నడిచే మెషిన్‌లో దీని తేడా కనిపిస్తుంది.

తమ్ముడి ల్యాప్‌టాప్‌లో ఇప్పుడున్నది అలా బిల్డ్ చేసిందే. ఫ్యామిలీ జెనెరిక్, సీపీయూలు 64, మిటిగేషన్స్ అన్నీ ఆన్. గ్రబ్‌లో దాని కింద డిస్ట్రో ఇచ్చిన కెర్నల్ అలాగే ఉంది, దాన్ని తీయొద్దని తమ్ముడికి చెప్పాను.