నైట్రోజన్ కొట్టించాం కదా అని టైర్లను వదిలేయకండి: నాకు ఏం జరిగిందో చదవండి

కారు టైర్లలో నైట్రోజన్ కొట్టించుకున్నవాళ్లు, కొట్టించాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. నాకు పోయింది ఒక్క టైరే. కానీ ఆ రోజు వెనక సీట్లో అమ్మ, ఇద్దరు పిల్లలు ఉన్నారు. జరగరానిది జరిగి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నన్ను వదలడం లేదు.

దూర ప్రయాణం ఉందని చక్రాల అలైన్‌మెంట్ సరిచేయించడానికి ఒక టైర్ల షాపుకి వెళ్లాను. పని అయ్యాక అక్కడి కుర్రాడు "సార్, నైట్రోజన్ కొట్టేయమంటారా? ఆరు నెలలు మళ్లీ టైర్ల వైపు చూడక్కర్లేదు" అన్నాడు. సరే అన్నాను. ఐదు నిమిషాల్లో నాలుగు టైర్లూ అయిపోయాయి. వాల్వులకి ఆకుపచ్చ మూతలు బిగించి, డబ్బులు తీసుకుంటూ ఇంకో మాట చెప్పాడు. "ఇక మీదట మామూలు గాలి మాత్రం కలపకండి సార్, టైర్ పాడైపోతుంది. ఎక్కడైనా నైట్రోజనే కొట్టించండి."

రెండు మాటలూ తప్పే. మొదటి మాట వల్ల నా జాగ్రత్త పోయింది, రెండో మాట వల్ల టైర్ పోయింది.

ప్రయాణం నెలన్నర వాయిదా పడింది. అంతకుముందు పదిహేను రోజులకోసారి ప్రెషర్ చూపించుకునేవాణ్ని. ఈ నెలన్నరలో ఒక్కసారి కూడా చూపించలేదు. నైట్రోజన్ ఉంది కదా అన్న ధీమా. బయలుదేరిన రోజు కొంత దూరం వెళ్లాక స్టీరింగ్ ఎడమకి లాగుతున్నట్టు అనిపించి, పెట్రోల్ బంకులో ఆపాను. గాలి కొట్టే అబ్బాయి ముందు ఎడమ టైర్‌కి గేజ్ పెట్టి "22 ఉంది సార్, 32 చేసేయనా?" అంటూ పైపు కూడా అందుకున్నాడు. నేనే వద్దన్నాను. నైట్రోజన్ ఉన్న టైరు, గాలి కలపకూడదట అని చెప్పి, ముందు ఊళ్లో నైట్రోజన్ దొరక్కపోతుందా అని బండి కదిలించాను.

రెండు చోట్ల ఆగి అడిగాను, మెషీన్ లేదన్నారు. అలా దాదాపు 40 కిలోమీటర్లు నడిపాను. చివరికి రబ్బరు మాడిన వాసన వస్తోందని అమ్మ అంటే పక్కకి ఆపాను. టైర్ పక్క భాగం మీద చెయ్యి పెట్టలేకపోయాను, అంత వేడి. స్టెప్నీ దించి చూస్తే అందులోనూ గాలి సరిగా లేదు. నాలుగు టైర్లకీ నైట్రోజన్ కొట్టినవాళ్లు స్టెప్నీ ఊసే ఎత్తలేదు, నాకూ తట్టలేదు. ఎలాగో దాన్నే వేసుకుని, మెల్లగా దగ్గర్లోని పంక్చర్ షాపు చేరుకున్నాం.

అక్కడ ఒక పెద్దాయన టైర్‌ని రిమ్ నుంచి విప్పి తిరగేశాడు. లోపల్నుంచి గుప్పెడు నల్లటి రబ్బరు పొడి రాలింది. టైర్ పక్క గోడ లోపలి వైపు, చుట్టూ వేలెడు వెడల్పున రబ్బరు అరిగి చారలా ఏర్పడింది. ఆ చారలో అక్కడక్కడా దారాలు బయటికి తేలాయి. ఇంతకీ గాలి పోయింది ఎక్కడినుంచి అంటే, ట్రెడ్ (రోడ్డుకి ఆనే భాగం) మధ్యలో దిగిన ఒక చిన్న మేకు. నా చిటికెన వేలి గోరంత కూడా లేదు. "బంకులో గాలి పట్టించుకుని వచ్చి ఉంటే పంక్చర్ వేసి పంపేవాణ్ని బాబూ. గాలి లేకుండా నడిపారు, పక్క గోడ పోయింది. దీనికి ఎవరూ ఏమీ చేయలేరు" అన్నాడు. నైట్రోజన్‌లో మామూలు గాలి కలిపితే ఏమవుతుందని అడిగాను. "ఏమవుతుంది బాబూ, గాలే అవుతుంది" అన్నాడు.

ఆ తర్వాత చదివి తెలుసుకుంటే ఆయన మాటే నిజం. మనం పీల్చే గాలిలోనే సుమారు 78 శాతం నైట్రోజన్ ఉంది. 21 శాతం ఆక్సిజన్, మిగిలింది ఆర్గాన్ వగైరా. షాపులోని మెషీన్ బయట నుంచి ఇదే గాలిని లాగి, ఆక్సిజన్‌ని, తేమని చాలావరకు వేరు చేసి, సుమారు 95 శాతం నైట్రోజన్‌ని ఇస్తుంది. రెండూ ఒకదానితో ఒకటి కలిస్తే ఏ ప్రమాదమూ లేదు.

ఇంకో విషయం, ఇది చాలామంది గమనించరు. నా టైర్లలో అప్పటికే 28 పీఎస్ఐ (టైర్ ప్రెషర్ కొలత, గేజ్ చూపించే అంకె) మామూలు గాలి ఉంది. దాన్ని తీసేయకుండానే పైన నాలుగు పీఎస్ఐ నైట్రోజన్ కొట్టి 32 చేశారు. నేను పక్కనే నిలబడ్డాను, వాల్వ్ పిన్ విప్పలేదు, గాలి వదిలిన శబ్దమూ రాలేదు. లెక్క కట్టి చూశాను. అలా కొడితే టైర్‌లో నైట్రోజన్ 78 నుంచి 80 శాతం దగ్గరికి వస్తుంది, అంతే. అంటే నేను నైట్రోజన్‌కి డబ్బు కట్టి గాలి ఇంటికి తెచ్చుకున్నాను. పిన్ విప్పి, టైర్ మెత్తబడేదాకా గాలి వదిలి అప్పుడు కొట్టినా సుమారు 90 శాతమే వస్తుంది. ఎందుకంటే గేజ్ సున్నా చూపించినా లోపల బయట ఉన్నంత గాలి మిగిలే ఉంటుంది. 95 దగ్గరికి రావాలంటే రెండు మూడుసార్లు వదిలి నింపాలి. ఐదు నిమిషాల్లో నాలుగు టైర్లకి అది అయ్యే పని కాదు.

సరే, పద్ధతిగా నింపారనే అనుకుందాం. లాభం అసలు లేదా అంటే, ఉంది, చాలా కొద్దిగా. ఆక్సిజన్ కంటే నైట్రోజన్ రబ్బరులోంచి నెమ్మదిగా బయటికి పోతుంది. అమెరికాలో వస్తువుల్ని పరీక్షించి చెప్పే కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థవాళ్లు 31 రకాల టైర్లలో 30 పీఎస్ఐ నింపి ఏడాది పాటు ఆరుబయట ఉంచి చూశారు. గాలి ఉన్నవాటిలో సగటున 3.5, నైట్రోజన్ ఉన్నవాటిలో 2.2 పీఎస్ఐ తగ్గింది. ఏడాదికి తేడా 1.3. అది కూడా కదలకుండా పెట్టిన టైర్ల సంగతి. మేకు దిగినా, వాల్వ్ కారుతున్నా, రిమ్ దగ్గర సందు ఉన్నా గాలి ఎంత వేగంగా పోతుందో నైట్రోజన్ కూడా అంతే వేగంగా పోతుంది.

నైట్రోజన్ ఉంటే వేడికి ప్రెషర్ పెరగదు అని కూడా చెబుతుంటారు, అది ఇంకో అబద్ధం. 10 డిగ్రీల సెల్సియస్ పెరిగితే 32 ఉన్న టైర్‌లో సుమారు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది, లోపల గాలి ఉన్నా నైట్రోజన్ ఉన్నా. తేమ వల్ల కొంచెం తేడా వస్తుంది నిజమే. రేసు కార్లవాళ్లకి ఆ కొంచెం కూడా ముఖ్యం, మన ప్రయాణాల్లో అది తెలియను కూడా తెలియదు.

"విమానాలకి ఇదే వాడతారు సార్" అని కూడా చెబుతారు. అదీ నిజమే. 1986 మార్చి 31న మెక్సికోకి చెందిన మెక్సికానా సంస్థ విమానం 940 కూలి 167 మంది చనిపోయారు. విపరీతంగా వేడెక్కిన బ్రేక్ పక్కనే, నైట్రోజన్ బదులు గాలి నింపిన టైర్ పేలి మంటలు లేచాయి. ఆ తర్వాత 1987లో అమెరికా విమానయాన శాఖ బ్రేకులున్న చక్రాల టైర్లలో ఆక్సిజన్ 5 శాతం మించకూడదని ఆదేశం ఇచ్చింది. కానీ విమానం టైర్ ప్రెషర్ దాదాపు 200 పీఎస్ఐ ఉంటుంది. దిగేటప్పుడు అంత బరువుని ఆపే బ్రేకుల వేడి, పైన గడ్డకట్టే చలి. మన కారుకి ఆ కష్టాలేవీ లేవు. ఇంతమంది చనిపోయిన సంగతిని టైర్ల షాపులో అమ్మకం మాటగా వాడుకోవడం నాకు చాలా బాధ కలిగించింది.

తిరిగి వచ్చాక ఆ షాపుకి వెళ్లాను. మేకుకి మా బాధ్యత లేదన్నారు. ఒప్పుకున్నాను. మరి గాలి కలపకూడదని ఎందుకు చెప్పారని అడిగితే, మాకు అలాగే నేర్పించారు అన్నారు. అంటే ఇదే మాట రోజూ ఎంతమందికి చెబుతున్నారో. నా కోపమంతా దాని మీదే.

మీ బండికి ఇప్పటికే ఆకుపచ్చ మూతలు ఉంటే కంగారు పడక్కర్లేదు, నైట్రోజన్ వల్ల టైర్‌కి ఏ చెడూ జరగదు. కొత్త బండితో పాటు ఉచితంగా వచ్చిందా, ఉండనివ్వండి. కానీ నెలకోసారైనా, దూరం వెళ్లే ముందు తప్పకుండా ప్రెషర్ చూడండి. బండి కనీసం మూడు గంటలు ఆగి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. ఎంత ఉండాలో డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన స్టిక్కర్ మీద ఉంటుంది. టైర్ మీద అచ్చువేసిన అంకె గరిష్ఠం, అది చూసి నింపకండి. డ్యాష్‌బోర్డులో టైర్ ప్రెషర్ హెచ్చరిక లైట్ ఉంది కదా అని ఊరుకోకండి, చాలా బండ్లలో ప్రెషర్ పాతిక శాతం దాకా తగ్గితే గానీ అది వెలగదు. తగ్గిందని తెలిస్తే దగ్గర్లో ఏ గాలి దొరికితే ఆ గాలి వెంటనే కొట్టించండి. నైట్రోజన్ కోసం ఒక్క కిలోమీటరు కూడా నడపకండి. స్టెప్నీని కూడా బయటికి తీయించి చూపించండి.

నేను ఇప్పుడు ఒక గేజ్ కొని డ్యాష్‌బోర్డులో పెట్టుకున్నాను, పక్కనే చిన్న నోట్‌బుక్. ఆ షాపు నైట్రోజన్ ఉన్న మూడు టైర్లు, మామూలు గాలి ఉన్న కొత్త టైర్, నాలుగూ ఒకే రోజు 32 చేయించాను. రెండు నెలల తర్వాత పొద్దున్నే చూస్తే నాలుగింటిలోనూ 30.