డార్క్‌టేబుల్‌తో కొన్నేళ్లు: ముఖాల రంగు నేర్పిన ఎడిటింగ్

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉంటాను. గజపతి జిల్లా సంతలు, మహేంద్రగిరి దారులు, చంద్రగిరి టిబెటన్ కాలనీ, ముహూర్తాల కాలంలో పెళ్లిళ్లు తీస్తుంటాను. ఆ ఫొటోలన్నీ కొన్నేళ్లుగా డార్క్‌టేబుల్‌లోనే దిద్దుతున్నాను. ఫొటో చూడగానే తీసింది ఎవరో తెలిసిపోయేలా ఎడిటింగ్ చేయాలని కోరుకునేవారికి ఇది ఎంతవరకు తోడ్పడుతుందో చెప్పాలని ఈ సమీక్ష.

2009లో మొదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ ఇది. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. కెమెరా రా ఫైలు (కెమెరా పట్టిన, ఇంకా దిద్దని ఫొటో) జోలికి వెళ్లదు. మనం చేసిన ప్రతి మార్పునూ ఆ ఫైలు పక్కనే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైలులో రాసిపెడుతుంది. ఎన్నాళ్లకు తెరిచినా ఏ వరుసలో ఏం చేశామో కనిపిస్తుంది, ఎక్కడికి కావాలంటే అక్కడికి వెనక్కి వెళ్లవచ్చు.

తొలిసారి తెరిచినవారు నిరుత్సాహపడేది ఒకచోట. కెమెరా తెర మీద కళకళలాడిన ఫొటో ఇందులో వెలవెలబోతూ కనిపిస్తుంది. కారణం సులువే. జేపెగ్ తయారుచేసేటప్పుడు కెమెరా తన లెక్క ప్రకారం కాంట్రాస్ట్, రంగు, పదును కలిపేస్తుంది. డార్క్‌టేబుల్ ఆ లెక్కను అరువు తెచ్చుకోదు. ఎంత వెలుగు ఉండాలి, నీడ ఎంత చిక్కగా ఉండాలి, ఏ రంగు తగ్గాలి అన్నవి మనమే తేల్చుకోవాలి. నాకు ఈ సాఫ్ట్‌వేర్‌లో అన్నిటికన్నా నచ్చింది ఇదే.

నేను మొదట తేల్చుకున్నది మనుషుల మేనిఛాయ గురించి. మా వైపు పెళ్లి ఆల్బమ్ తెరిస్తే పెళ్లికూతురు, మేనత్త, పక్కింటి పాప అందరిదీ ఒకటే తెలుపు. ఫోన్లలోని బ్యూటీ ఫిల్టర్లూ అదే పని చేస్తాయి. ఈ అలవాటు ఈనాటిది కాదు. ఫిల్ము రోజుల్లో ల్యాబులు ప్రింట్ల రంగు సరిచూసుకోవడానికి కోడాక్ పంపిన షర్లీ కార్డుల మీద చాలాకాలం తెల్లజాతి యువతుల ఫొటోలే ఉండేవి. ఆ కొలతతో చూస్తే మనవాళ్ల ముఖం ఎప్పుడూ 'సరిచేయాల్సినదే' అవుతుంది. నల్లని, చామనఛాయ ముఖాల్లో నుదురు, చెంప ఎముక, ముక్కు దూలం మీద నిలిచే మెరుపే ముఖానికి ఆకారం ఇస్తుంది. చర్మాన్ని తెల్లబరిస్తే ఆ మెరుపుకూ చర్మానికీ తేడా చెరిగిపోయి ముఖం చదునైపోతుంది. అందుకే ఎక్స్‌పోజర్‌ను (ఫొటో మొత్తం వెలుగును) ముఖాన్ని చూసి పెడతాను. ఆకాశం, గోడ, పందిరి దానికి తగ్గట్టు సర్దుకోవాల్సిందే.

ఆ మెరుపు తెల్లగా పేలిపోకుండా మెల్లగా వెలుగులోకి కలవాలంటే 2022 డిసెంబరులో 4.2 వెర్షన్‌తో వచ్చిన సిగ్మాయిడ్ మాడ్యూల్ చాలు. ఇందులో ఒక్కో పనికి ఉండే సాధనాన్ని మాడ్యూల్ అంటారు. అంతకుముందు ఇదే పనికి ఫిల్మిక్ ఆర్‌జీబీ వాడేవాణ్ణి. దానిలో పట్టు ఎక్కువ, తిప్పాల్సిన స్లైడర్లూ ఎక్కువే. సంతలో తీసిన వంద ముఖాలను ఒకే తీరుగా ఉంచడానికి సిగ్మాయిడే నయం.

ఒక ఫొటో సంగతి వివరంగా చెబుతాను. మోహన వైపు ఒక సంతలో నీలం టార్పాలిన్ కింద కూర్చుని ఒక సవర అవ్వ చింతపండు అమ్ముతోంది. పట్టా గుండా దిగిన వెలుగు ఆమె చెంపలనూ తెల్ల జుట్టునూ నీలం చేసింది. ఆమె చేతులు మాత్రం పట్టా బయట, ఎండలో ఉన్నాయి. మొత్తం ఫొటోకు ఒకే వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుకు తగ్గ సవరణ) పెడితే ముఖం బాగుపడుతుంది కానీ చేతులు నారింజ రంగుకు తిరుగుతాయి. ఈ సవరణ చేసే కలర్ కాలిబ్రేషన్ మాడ్యూల్‌ను రెండుసార్లు తెరిచి, ఒకదాన్ని ఎండకు, రెండోదాన్ని ముఖం చుట్టూ గీసిన మాస్కు (మార్పు ఎంతమేర పడాలో చెప్పే హద్దు) లోపలి నీడకు పెట్టాను. మాస్కు అంచును బాగా మెత్తగా ఉంచాను. తర్వాత ఆ రెండోదాని ప్రభావాన్ని కాస్త తగ్గించి, జుట్టులో కొంత నీలం మిగిల్చాను. ఆమె కూర్చున్నది టార్పాలిన్ కిందే కదా, ఆ నీలం పూర్తిగా తుడిచేస్తే సంతే మాయమవుతుంది. చింతపండు గోధుమరంగు, చేతుల రంగు పక్కపక్కన పడిన తీరు చూశాక ఇంకేమీ ముట్టుకోబుద్ధి కాలేదు.

మిగతా రంగులు ఈ ముఖాల వెంటే వచ్చాయి. వానాకాలంలో 1,501 మీటర్ల మహేంద్రగిరి చుట్టూ అంతా పచ్చదనమే. కెమెరా దాన్ని ప్లాస్టిక్ ఆకుపచ్చగా మార్చేస్తుంది, దాని ముందు నిలబడిన మనిషి వెలిసిపోతాడు. కలర్ జోన్స్‌లో పసుపు కలిసిన ఆకుపచ్చ గాఢతను తగ్గించి, కొంచెం చీకటి చేస్తాను. చంద్రగిరి బౌద్ధారామంలో భిక్షువుల ముదురెరుపు వస్త్రాలకూ ఇదే వైద్యం, లేకపోతే ఎరుపు పొంగి మడతలు కనబడవు.

సవరణలను కట్టగా దాచుకుని వేరే ఫొటోలకూ వేసే స్టైల్స్ అనే సౌకర్యం గురించి నా అభిప్రాయం గట్టిది. ఇతరులు చేసిపెట్టినవి దించుకోకండి. నేను దాచుకున్న స్టైల్‌లో సిగ్మాయిడ్, ఆకుపచ్చ సవరణ, కాస్త లోకల్ కాంట్రాస్ట్ (చిన్న వివరాలను తేల్చే సవరణ) మాత్రమే ఉన్నాయి. ఎక్స్‌పోజర్, మాస్కులు అందులో పెట్టను, అవి ఏ ఫొటోకు ఆ ఫొటోకే. అందులో ఏముండాలో ఎలా తెలిసిందంటే, పాత ఫొటోల హిస్టరీలు వరుసగా తెరిచి చూశాను. ఎవరూ చెప్పకుండానే నా చేయి మళ్లీమళ్లీ ఒకేవైపు తిప్పిన స్లైడర్లు కొన్నే. ఫొటోలన్నీ పరిచి చూపే లైట్‌టేబుల్ తెరలో ఒక కాలానికి చెందిన ఫొటోలన్నీ చిన్నవిగా పక్కపక్కన పరిచి చూస్తే, మిగతావాటితో కలవనిది వెంటనే కంట్లో పడుతుంది.

ఇబ్బందులు లేకపోలేదు. మాడ్యూళ్ల పేర్లు ఇంజనీర్లు పెట్టినట్టుంటాయి, నేర్చుకోవడానికి నెలలు పడుతుంది. గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్‌లో నాయిస్ (ఫొటోలో చుక్కలుగా కనిపించే గరుకు) తగ్గించే మాడ్యూల్, పదును పెంచే డిఫ్యూజ్ ఆర్ షార్పెన్ బాగా నెమ్మదిస్తాయి. ఫోనులో నడవదు. కొత్త మోడల్ కెమెరా కొనేముందు దాని రా ఫైలుకు మద్దతు ఉందో లేదో జాబితాలో చూసుకోవాలి. మర్నాటికే వెయ్యి ఫొటోలు ఇవ్వాల్సిన పెళ్లి స్టూడియోకు దీన్ని సిఫారసు చేయను.

ప్రింటు తీయించేవారికి మరో మాట. రాత్రిపూట చీకటి గదిలో, వెలుగు పెంచిన తెర మీద దిద్దిన ఫొటో కాగితం మీద నల్లగా వస్తుంది. చర్మం రంగును కాపాడుకోవాలనుకునేవారికి ఇది పెద్ద చిక్కు. కలర్ అసెస్‌మెంట్ అనే బటన్ నొక్కితే ఫొటో చుట్టూ తెల్ల అంచు, దాని వెనక బూడిదరంగు వస్తాయి. ఆ తెలుపు పక్కన ముఖం ఎంత వెలుగులో ఉందో అప్పుడు సరిగ్గా తెలుస్తుంది. ఎస్‌ఆర్‌జీబీలో (తెరలకూ ల్యాబులకూ మామూలుగా సరిపోయే రంగుల పద్ధతి) ఎక్స్‌పోర్ట్ చేసి బరంపురం పంపేటప్పుడు, ల్యాబువాళ్లకు 'ఆటో కరెక్షన్ వేయవద్దు' అని ప్రతిసారీ రాసి ఇస్తాను. అది లేకుండా వచ్చిన ప్రింట్లలో ముఖాలు మళ్లీ తెల్లబడి ఉంటాయి, వాటిని వెనక్కి పంపేస్తాను.