సాయంత్రం టిఫిన్‌కు సర్వపిండా, కారం బ్రెడ్డా?

వాన పడితే మా హన్మకొండ ఇంట్లో ఇదే పంచాయితీ.

ఖర్చు: సర్వపిండికి బియ్యప్పిండి, నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లాకు చాలు. బ్రెడ్‌కు ఈస్ట్ అక్కర్లేదు, మైదా, పెరుగు, నూనె, బేకింగ్ పౌడర్, సోడా కావాలి. ఓవెన్ లేకపోతే ఆ ఖర్చే పెద్దది.

శ్రమ: ఇక్కడ బ్రెడ్‌దే గెలుపు. కలిపి, 180 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు వదిలేస్తే నలుగురికీ ఒకేసారి అవుతుంది. సర్వపిండి ఒక్కొక్కటే. పిండిని గిన్నెకు వత్తి, వేలితో బొక్కలు పెట్టి, ఒక్కో దాంట్లో నూనె చుక్క వేయాలి. రెండోదానికి గిన్నె చల్లారాలి. మా అత్తమ్మ గిన్నె అడుగున నీళ్లు పోసి చుయ్‌మనిపిస్తుంది.

రిస్క్: సర్వపిండి మాడితే ఒక్కటే పోతుంది. బ్రెడ్ చెడితే మొత్తం పోయినట్టే. పెరుగు, సోడా కలవగానే గ్యాస్ మొదలవుతుంది, ఆలస్యం చేస్తే పొంగదు. ఎక్కువ కలిపితే గట్టిపడుతుంది. నా మొదటిది ఇటుకే!

పిల్లల డబ్బాకు, ప్రయాణానికి బ్రెడ్. ఇద్దరు ముగ్గురే ఉండి, వేడివేడిగా కరకరలాడాలంటే సర్వపిండి. కరెంటు పోయిన రోజు అడగక్కర్లేదు.