స్టీమ్‌పంక్ సరంజామాకు తోలు పని కిట్: సానపట్టేదాకా సగమే

స్టీమ్‌పంక్, అంటే ఆవిరి యంత్రాల కాలపు వేషం కోసం ముంజేతి పట్టా, నడుము సంచి, గాగుల్స్ లాంటివి ఇంట్లోనే చేసుకోవాలనుకునేవాళ్లు ముందుగా కొనేది ఈ కిట్‌నే. చుట్టచుట్టి కట్టే గుడ్డ సంచిలో ముప్పై నలభై వస్తువులు ఉంటాయి. కుట్టుకు వరసగా రంధ్రాలు వేసే రెండు, నాలుగు, ఆరు పళ్ల ఉలులు, గాడి తీసే పనిముట్టు, అంచు చెక్కేది, అంచు నునుపు చేసే కొయ్య, ఆరె, సూదులు, మైనం దారం, తల తిప్పి రంధ్రం సైజు మార్చుకునే పటకారు పంచ్, రివెట్ల డబ్బా, వాటిని బిగించే కడ్డీలు, చక్రాల బొమ్మ ముద్రలు, కొన్ని తోలు ముక్కలు, చిన్న పొట్లంలో కంచు రంగు పళ్ల చక్రాలు. పెట్టె మీద పేరు మారుతుందేగానీ లోపలి సరుకు పెద్దగా మారదు.

తీర్పు ముందే చెప్పేస్తే: ఉలులు, గాడి పనిముట్టు, రివెట్ కడ్డీలు, కొయ్య ఉంచుకోదగ్గవి. తోలు ముక్కలు, పటకారు పంచ్ లేనట్టే అనుకోండి. ఉంచుకోదగ్గవాటిని కూడా పెట్టెలోంచి తీసి నేరుగా మంచి తోలు మీద పెడితే తోలు పాడవుతుంది. ఉప్పు కాగితం పట్టుకుని ఓ గంటసేపు కూర్చునే ఓపిక లేనివాళ్లు దీని జోలికి పోకపోవడమే మేలు.

ముందు తోలు సంగతి. కిట్‌లో వచ్చే ముక్కలు సాధారణంగా 1 నుంచి 1.5 మి.మీ. మందంలో, మెత్తగా, క్రోమ్‌తో పదును చేసినవి (అంటే పచ్చి చర్మాన్ని క్రోమియం లవణాలతో తోలుగా మార్చినవి). సంచి లోపలి అస్తరుకో, పర్సుకో పనికొస్తాయి. ముంజేతి పట్టాకు పనికిరావు. ముద్ర కొడితే నిలవదు, తడిపి వంచితే ఆరాక మళ్లీ చదునైపోతుంది, అంచు ఎంత రుద్దినా మెరవదు. కావలసింది చెట్ల బెరడు, కరక్కాయ లాంటి వగరు సరుకుతో పదును చేసిన తోలు. అది పట్టాకు 3 మి.మీ., బెల్టు పట్టీలకు 2 నుంచి 2.5 మి.మీ. ఉండాలి. అమ్మేవాళ్లు ఔన్సుల్లో చెబితే ఒక ఔన్సు సుమారు 0.4 మి.మీ. అని లెక్క వేసుకోండి. అంటే పట్టాకు 7, 8 ఔన్సుల తోలు. ఇందులో అందంతోపాటు కాలం లెక్క కూడా ఉంది. క్రోమ్ పద్ధతికి ఆగస్టస్ షుల్ట్జ్ పేటెంట్ తీసుకున్నది 1884లో. అంతకుముందు నాటి బెల్టు, జీను, యంత్రాల పట్టా దాదాపు అన్నీ ఇలాంటి వగరు తోలువే. అదే వరుసలో ఇంకో మాట: టిచ్ బటన్‌కు హెరిబెర్ట్ బాయర్ పేటెంట్ 1885 నాటిది. వేషం 1870ల నాటిదని చెప్పుకుంటూ పట్టాకు నాలుగు టిచ్ బటన్లు పెడితే పట్టుకునేవాళ్లు పట్టుకుంటారు. బకిల్ పెట్టుకుంటే ఏ గొడవా లేదు.

చేతిలో ఉన్న ముక్క ఏ రకమో తేల్చుకోవడానికి పైమొహాన ఒక నీటి చుక్క వేసి చూడండి. రంగు వేయని వగరు తోలు చుక్కను త్వరగా పీల్చుకుని అక్కడ నల్లబడుతుంది. క్రోమ్ తోలును అడ్డంగా కోస్తే మధ్యలో చాలాసార్లు నీలి బూడిద రంగు చార కనిపిస్తుంది. కాల్చి బూడిద రంగు చూడమనే సలహా ఒకటి తిరుగుతూ ఉంటుంది. దాన్ని మాత్రం పాటించకండి. క్రోమ్ తోలును కాలిస్తే హాని చేసే క్రోమియం సమ్మేళనాలు పుట్టే ప్రమాదం ఉంది.

ఇక ఉలులు. పన్నుకూ పన్నుకూ మధ్య 4 మి.మీ. ఎడం ఉన్నవి ఈ పనికి సరిపోతాయి. అంతకన్నా సన్నని కుట్టు ముతక తోలు మీద నప్పదు. కిట్‌లోని ఉలి పళ్లను వేలితో తడిమితే పక్కల గరుకు తెలుస్తుంది. కొట్టేటప్పుడు దానితో ఇబ్బంది లేదు. బయటికి లాగేటప్పుడే చిక్కు. పళ్లు తోలును పట్టుకుని పైకి లాగుతాయి, రంధ్రం చుట్టూ పైపొర లేచి చిన్న చిన్న బుడిపెలు మిగులుతాయి. కొత్తవాళ్లు దీన్ని తమ చేతి తప్పనుకుంటారు. 600, 1000, 2000 నంబరు ఉప్పు కాగితాలు వరుసగా తీసుకుని, సన్నని పేలికలుగా కోసి, పళ్ల మధ్య దూర్చి అటూ ఇటూ లాగండి. ఒక్కో సందుకు రెండు మూడు నిమిషాలు చాలు. తరువాత పాలిష్ ముద్ద పూసిన తోలు మీద రుద్ది, పళ్లకు కాస్త తేనెమైనం పట్టించండి. కొట్టేటప్పుడు కింద రాయి కాకుండా దళసరి ప్లాస్టిక్ పలక పెట్టండి, లేకపోతే పళ్ల మొనలు వంగిపోతాయి. పైకి తీసేటప్పుడు ఉలి పక్కనే తోలును రెండు వేళ్లతో నొక్కిపట్టి, ఉలిని వరస వెంటే కొద్దిగా ఊపుతూ తీయాలి. పక్కకి ఊపితే పన్ను విరుగుతుంది.

గాడి పనిముట్టుకు చిన్న ఉపాయముంది. దాని కొనకు ఉండే సన్నని బొక్కే అసలు కత్తి. పాలిష్ ముద్ద పూసిన దళసరి దారాన్ని ఆ బొక్కలోకి ఎక్కించి, ఒక కొన మేకుకు కట్టి, పనిముట్టును దారం మీద ముందుకూ వెనక్కూ ఇరవై ముప్పైసార్లు లాగండి. అంతకుముందు పొడిపొడిగా రాల్చినది ఇప్పుడు పొడవాటి ఈనెలా తీస్తుంది. గాడి అంచుకు 3 మి.మీ. లోపలికి రావాలి. పక్కనున్న మర పని మధ్యలో వదులై ఎడం మారిపోతుంది కాబట్టి ప్రతి వైపూ మొదలుపెట్టే ముందు ఒకసారి బిగించుకోండి.

పటకారు పంచ్ మీద నాకు సదభిప్రాయం లేదు. గొట్టాలు మొద్దు, పైగా కిందనున్న ఇత్తడి బిళ్ల మీద సరిగ్గా మధ్యన పడవు. రంధ్రం ముప్పాతిక తెగి, మిగతాది తోకలా వేలాడుతుంది. దాన్ని లాగితే తోలు చీలుతుంది. అంచు నుంచి నాలుగైదు సెంటీమీటర్లు దాటితే పటకారు అందనే అందదు, పట్టా మధ్యలో రివెట్ పెట్టాలంటే ఎలాగూ వేరే దారి చూసుకోవాల్సిందే. 3, 4, 5 మి.మీ. గొట్టపు పంచ్‌లు విడిగా కొనుక్కుని సుత్తితో కొట్టడమే నయం.

స్టీమ్‌పంక్ పనిలో కంటికి మొదట కనిపించేవి రివెట్లే, ఎక్కువగా చెడేవీ అవే. పట్టా 3 మి.మీ., దాని మీద పట్టీ 2 మి.మీ. అనుకుంటే మొత్తం 5. కాడ పైకి 2 నుంచి 3 మి.మీ. మిగలాలి కాబట్టి 8 మి.మీ. కాడ కావాలి. కిట్ డబ్బాలో పొడుగూ పొట్టీ కలిసిపోయి ఉంటాయి, ఒక్కొక్కటీ స్కేలు పెట్టి కొలిచి వేరుచేసుకోండి. కాడ పొడుగైతే లోపలే పక్కకి ఒరిగి టోపీ వంకరగా కూర్చుంటుంది. పొట్టిదైతే ఇంకా మోసం: కొట్టినప్పుడు బిగుసుకున్నట్టే ఉంటుంది, చెయ్యి నాలుగుసార్లు మడిస్తే ఊడి కింద పడుతుంది. పొడుగు కాడే మిగిలితే వెనకవైపు తోలు బిళ్ల ఒకటి కోసి వాషర్‌గా వేయండి. కింద తప్పకుండా గుంట ఉన్న దిమ్మెనే వాడాలి, చదును రాయి మీద కొడితే గుండ్రని టోపీ నలిగి పళ్లెంలా అవుతుంది. బల్ల మధ్యలో కొడితే దెబ్బ ఎగిరిపోతుంది, బల్ల కాలికి సరిగ్గా పైన పెట్టుకుని నిట్టనిలువుగా కొట్టండి.

రివెట్లకు అయస్కాంతం పెట్టి చూడటం మరిచిపోవద్దు. అంటుకుంటే లోపల ఇనుము, పైన ఇత్తడి పూత. తడి వగరు తోలుకు ఇనుము తగిలితే ఆ వగరుతో కలిసి నీలి నలుపు మరక వేస్తుంది. పాతకాలపు రాత సిరాలోని రసాయనమే ఇది. అందుకే ముద్రలు, వంపు, రంగు, పైపూత అన్నీ అయ్యి తోలు పూర్తిగా ఆరాకే రివెట్లు పెట్టాలి. చిన్న మరక పడితే నీళ్లు కలిపిన నిమ్మరసం దూదితో అద్దితే చాలావరకు పోతుంది.

ఆ గుణాన్నే మనకు అనుకూలంగా వాడుకోవచ్చు కూడా. నూనె పోయేలా సబ్బుతో కడిగిన సన్నని ఉక్కు పీచును తెల్ల వెనిగర్‌లో వేసి వారం దాకా ఉంచితే వచ్చే ద్రవం వగరు తోలును నిమిషాల్లో నల్లగా చేస్తుంది. సీసా మూత బిగించకండి, లోపల హైడ్రోజన్ పుడుతుంది. పూశాక వంట సోడా కలిపిన నీళ్లతో ఒకసారి తుడిచి, కడిగి, ఆరనిచ్చి నూనె పట్టించాలి. ఇది పైన పూసిన రంగు కాదు, తోలులోనే పుట్టిన నలుపు. అందుకే మామూలు డైలా చొక్కాకు ఎడాపెడా అంటదు.

ఇప్పుడు పట్టా కొలతలు. ముంజేతి చుట్టుకొలత మణికట్టు దగ్గరా, మోచేతికి కిందా కొలిచి, వేసుకునే చొక్కా చేతితో సహా, కాగితం నమూనా కోస్తారు. ఆ కొలతతోనే 3 మి.మీ. తోలు కోస్తే చుట్టినప్పుడు దాదాపు సెంటీమీటరు తక్కువ పడుతుంది. తోలు మందానికి మధ్యగీత దగ్గర చుట్టుకొలత మందానికి π (సుమారు 3.14) రెట్లు, అంటే 9.4 మి.మీ. పెరుగుతుంది మరి. మూసే చోట ఎలాగూ 3 సెం.మీ. ఖాళీ వదిలి పట్టీలతో బిగిస్తాం కాబట్టి ఈ తేడాను ఆ ఖాళీలో కలిపి లెక్క వేసుకోండి. పట్టీ వెడల్పు 20 మి.మీ., బకిల్ కూడా అంతే. బకిల్ దగ్గర మడత పడే చోట తోలును వెనకనుంచి సగం మందానికి చెక్కాలి, చెక్కకపోతే మడత ఉబ్బి బకిల్ నాలుక కదలదు. బకిల్ నాలుక దిగే రంధ్రాలు 3 మి.మీ., ఎడం 2 సెం.మీ., అయిదు చాలు.

ముద్ర కొట్టడానికీ వంచడానికీ తోలును స్పాంజితో తడిపి, పైరంగు దాదాపు మామూలుకు వచ్చేదాకా ఆగాలి. చెంపకు ఆనిస్తే చల్లగా తగలాలి, చెంప తడవకూడదు. మరీ తడిగా కొడితే ముద్ర ముద్దగా మూసుకుపోతుంది, పొడిగా కొడితే పైపొర పగులుతుంది. కిట్‌లో ఇచ్చిన చక్రాల ముద్రలకన్నా అసలు ఇత్తడి చక్రాన్నే తోలు మీద పెట్టి, రెండు చెక్కల మధ్య క్లాంపుతో పావుగంట బిగిస్తే వచ్చే అచ్చు బాగుంటుంది. పళ్ల అంచులు తెగినట్టు తేరతాయి. తరువాత పట్టాను చేతి లావు సీసాకు చుట్టి, గుడ్డ పట్టీతో కట్టి, నీడలో రాత్రంతా వదిలేయండి. తొందరపడి వేడిగాలి పెడితే తడి తోలు ముడుచుకుని గట్టిపడుతుంది, దాన్ని మళ్లీ సాగదీయలేరు.

కుట్టు విషయంలో కిట్ సూదులతో జాగ్రత్త. ఇక్కడ ఒకే దారం రెండు కొనలకూ సూదులు పెట్టి, రెండింటినీ ఒకే రంధ్రంలోంచి ఎదురెదురుగా పోనిస్తారు. కిట్ సూదుల మొన పదునుగా ఉండి, రెండో సూది వేసేటప్పుడు మొదటి దారాన్ని గుచ్చేస్తాయి. దారం కదలక కుట్టు ఆగిపోతుంది. మొనను ఉప్పు కాగితం మీద గుండ్రం చేసుకోండి, రంధ్రం ఎలాగూ ఉలి చేసిందే కదా. దారం కుట్టు పొడవుకు నాలుగింతలు తీసుకుని రెండు కొనలకూ సూదులు ఎక్కించాలి. చివర మూడు రంధ్రాలు వెనక్కి కుట్టి, పాలియెస్టర్ దారమైతే కొనను లైటర్‌తో కరిగించి నొక్కేయండి.

పొట్లంలోని చక్రాలు జింకు మిశ్రమానికి కంచు పూత వేసినవి. గోకితే తెల్లలోహం బయటపడుతుంది. వాటిని సూపర్ గ్లూతో అంటిస్తే తోలు వంగినప్పుడల్లా పెళుసు జిగురు పగిలి ఒక్కొక్కటే రాలిపోతాయి. నడిమి బొక్కలోంచి రివెట్ వేయండి. లేదా 3 మి.మీ. ఇత్తడి మర దూర్చి వెనక నట్టు బిగించి, చేతికి గుచ్చుకోకుండా 1 మి.మీ. తోలు అస్తరు వేయండి. కిట్‌లోని తోలు ముక్కలు పనికొచ్చేది ఇదిగో, ఇక్కడే. ఇంకో మాట: ఒక చక్రం పళ్లు ఇంకో చక్రం పళ్లలో పడేలా అమర్చండి. దేనికీ తగలని చక్రాలు అడ్డదిడ్డంగా పరిస్తే యంత్రం ముక్కలా కాకుండా పాత సామాన్ల కుప్పలా కనిపిస్తుంది.

గాగుల్స్‌కు ఈ కిట్‌లో ఏమీ లేదు, పెట్టె మీద బొమ్మ మాత్రం ఉంటుంది. 50 మి.మీ. పైపు ముక్కలు, అదే కొలతకు 2 మి.మీ. అక్రిలిక్ బిళ్లలు విడిగా తెచ్చుకోవాలి. గొట్టం గోడకు 3 మి.మీ. రంధ్రాలు రెండు మూడు వేయకపోతే ఆవిరి పట్టి ఏమీ కనిపించదు. అవి అలంకారానికే, గ్రైండర్ ముందు కళ్లకు రక్షణగా పెట్టుకోవద్దు.

కొన్ని నెలలు పోయాక ఇత్తడి రివెట్ల చుట్టూ ఆకుపచ్చ మైనం లాంటిది కనిపిస్తే అది చిలుము. తోలుకు పట్టించిన నూనె, ఇత్తడిలోని రాగి కలిసి పుట్టేది. పొడి గుడ్డ, పాత టూత్‌బ్రష్‌తో తుడిస్తే పోతుంది. నూనె తక్కువగా పట్టించి, గాలి ఆడని ప్లాస్టిక్ సంచిలో కాకుండా గుడ్డలో చుట్టి దాచితే తొందరగా తిరిగి రాదు.