బొమ్మ ముందు నిలబడ్డాక: రాయడమా, గీయడమా?

మంక్, వాన్ గో, రోత్కో లాంటి చిత్రకారులు వేసిన బొమ్మ చూసినప్పుడు లోపల కదిలినదాన్ని పట్టుకోవడానికి రెండు దారులున్నాయి. మాటల్లో రాసుకోవడం, లేదా బొమ్మను చూస్తూ చిన్న స్కెచ్ వేసుకోవడం. ఎక్కువమంది రాయడానికే మొగ్గుతారు, తేలిక కాబట్టి. చిక్కంతా ఆ తేలికలోనే ఉంది.

వాన్ గో 'గోధుమ చేను, కాకులు' (1890) ముందు నోట్‌బుక్ తెరిస్తే మొదటి వాక్యంలోనే చావు వచ్చి కూర్చుంటుంది. అదే ఆయన ఆఖరి బొమ్మ అని ఎక్కడో విని ఉంటాం. నిజానికి చివరిదిగా పరిశోధకులు చెప్పేది చెట్ల వేళ్ల బొమ్మ. అంటే మనం రాసింది విన్న కథ గురించే. ఇక 'వేదన', 'అలజడి' అన్న మాటలు ఇంకో బొమ్మ కింద పెట్టినా చెల్లిపోతాయి.

గీయడం అలా జారిపోనివ్వదు. మంక్ 'అరుపు' (1893) తీసుకోండి. మెత్తటి 2బి పెన్సిల్, అరచేయంత కాగితం, పది నిమిషాలు చాలు. (చాలా మ్యూజియాల్లో పెన్నులు, తడిరంగులు ఒప్పుకోరు.) ముఖంతో మొదలుపెట్టకండి, కార్టూన్ వేసి ఆగిపోతారు. గీతలు ఎటు పోతున్నాయో అదొక్కటే వేయండి. ఆకాశం, నీళ్లు, ఒడ్డు, మనిషి ఒళ్లు అన్నీ వంపులే. తిన్నగా ఉన్నవి వంతెన కమ్మీలూ, వెనక కనిపించే ఇద్దరూ. లోకమంతా మెలితిరిగిపోతుంటే వాళ్లకేమీ పట్టలేదు, భయం అక్కడుంది. చేతులు చెవులను మూస్తున్నాయని కూడా గీసేటప్పుడే కంటికి తగులుతుంది. అరిచేది ఆ మనిషేనా, లేక వినలేకపోతున్నాడా? మంక్ రాసుకున్నదీ ప్రకృతి గుండా సాగిన అరుపు గురించే.

పెద్ద పెద్ద రంగు దీర్ఘచతురస్రాలు వేసిన రోత్కో దగ్గర మాత్రం పెన్సిల్ చేతులెత్తేస్తుంది. కాగితం మీద రెండు మూడు డబ్బాలు మిగులుతాయి, అంతే. పలచని పొరలు, కరిగిపోయే అంచులు, చూసేకొద్దీ ముందుకో వెనక్కో జరిగే రంగు... ఇవి మాటలకే దొరుకుతాయి. అడ్డుతాడు రానిచ్చినంత దగ్గరగా నిలబడి ఐదు నిమిషాలు చూడండి, నిమిషానికో వాక్యం రాయండి. భావాల పేర్లు వద్దు, కంటికి ఏం మారిందో అదే.

రంగుల గురించి రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. వాన్ గో 'పడకగది' (1888) నీలి గోడలు చల్లగా ఉన్నాయని రాసేస్తాం. తను రాసిన ఒక ఉత్తరంలో ఆయన వాటిని లేత ఊదా అన్నాడు. అందులోని ఎరుపు వెలిసిపోయి నీలం మిగిలింది. ఫోన్‌లో చూస్తే ఇంకా మోసం: మీటరు వెడల్పున్న ఆ గోధుమ చేను అరచేతిలో ఇమిడిపోతే దాని ఆకాశం మన మీదికి విరుచుకుపడదు.

కాబట్టి గీతతో నడిచే బొమ్మకు స్కెచ్ మేలు, రంగుతో నడిచేదానికి రాత. రెండూ చేసే ఓపికుంటే ముందు గీయండి. ముందే రాసేస్తే చేయి ఆ మాటలకే బొమ్మ వేస్తుంది. గోడ మీది వివరాల చీటీ చదవడం అన్నిటికీ ఆఖరున.