లాబూర్దొనే కట్టించిన ఊరు: మారిషస్‌లో ఏది చూడాలి, ఎక్కడ ఉండాలి

మారిషస్ వెళ్లేవారిలో చాలామంది విమానం దిగగానే సముద్రతీరపు రిసార్టుకు చేరి, తిరుగు ప్రయాణం దాకా అక్కడే గడిపేస్తారు. మేము మాత్రం రాజధాని పోర్ట్ లూయీలో గది తీసుకున్నాం. అందుకు కారణం ఒక గవర్నరు. కర్ణాటక యుద్ధాల పాఠంలో మనం చదువుకున్న లాబూర్దొనే, 1746లో మద్రాసును ఇంగ్లీషువారి నుంచి గెలుచుకున్న ఫ్రెంచి నౌకాధిపతి, ఈ దీవి నుంచే ఓడలు నడిపించుకొచ్చాడు.

1699లో ఫ్రాన్సులోని సెయింట్ మాలో రేవులో పుట్టి, పదేళ్లకే ఓడెక్కినవాడు. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ గవర్నరుగా నియమిస్తే 1735లో ఇక్కడికి వచ్చాడు. ఆగ్నేయాన ఉన్న పాత రేవును కాదని, వెనుక కొండలు కాపున్న పోర్ట్ లూయీని ముఖ్య రేవుగా ఎంచుకున్నాడు. ఓడల మరమ్మతుకు ఏర్పాట్లు, మంచినీటి కాలువ, సైనికుల బ్యారక్‌లు, ఆసుపత్రి, అన్నీ ఆయన హయాంలో లేచినవే. తిండి కొరత తీర్చడానికి బ్రెజిల్ నుంచి కర్రపెండలం తెప్పించి నాటించాడు. రేవుకు ఎదురుగా ప్లాస్ దార్మ్ అనే కూడలిలో ఆయన కంచు విగ్రహం ఉంది. ఫొటో తీసుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. గవర్నమెంట్ హౌస్‌ను గేటు బయటి నుంచే చూడాలి.

నా మాట వింటే, ఆ సమయాన్ని ఆయన కట్టించిన పాత సైనిక ఆసుపత్రికి ఇవ్వండి. ఇప్పుడది బానిసత్వ మ్యూజియం. మొజాంబిక్, మడగాస్కర్‌ల నుంచి పట్టితెచ్చిన బానిసల చాకిరీతో లేచిన గోడలవి. లాబూర్దొనే కాలంలో బానిసల దిగుమతి బాగా పెరిగింది, పారిపోయినవారిని వెంటాడి పట్టుకోవడమూ జరిగింది. ఈ ఊరిని ఒక్కడే కట్టినట్టు విగ్రహం చెబుతుంది. ఎవరి భుజాల మీద కట్టించాడో ఈ గోడలు చెబుతాయి. ఆయన్ను గొప్ప నిర్మాతగా నేనూ ఒప్పుకుంటాను. కానీ ఈ గదుల్లో తిరిగాక ఆ మాటను అక్కడితో ఆపలేం. పోర్ట్ లూయీలో ఒక్క చోటే చూడగలిగితే దీన్నే చూడండి.

అక్కడి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోనే ఆప్రవాసీ ఘాట్. బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల కోసం మన దేశం నుంచి తెచ్చిన కూలీలు దిగిన చోటు. ఇక్కడి 16 రాతి మెట్లు ప్రసిద్ధి. కాకినాడ పక్కన కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన మనవాళ్లూ ఈ దీవికి చేరినవారే. వారి సంతతి ఉన్నందువల్లే ఉగాది ఇక్కడ ప్రభుత్వ సెలవు. మెట్ల దగ్గర నిలబడితే గొంతు పట్టేసింది, దాచుకోను.

పాంప్లెమూస్ తోటకు బస్సులో సులువుగా వెళ్లవచ్చు. ఓడలకూ ఊరికీ కూరగాయలు పండించడానికి లాబూర్దొనే తీసుకున్న భూమి అది. లోపల కనిపించే మోన్ ప్లేజీర్ భవనం మాత్రం ఆయనది కాదు, తర్వాతి బ్రిటిష్ కాలం నాటిది. పెద్ద పళ్లేల్లాంటి ఆకుల నీటికలువలు చూడాల్సినవే. గైడును పెట్టుకుంటే ఆ డబ్బు దండగ కాదు, చెట్ల కథలు బోర్డుల మీద దొరకవు. దగ్గరలోని చక్కెర మ్యూజియం టికెట్టు కాస్త ఎక్కువే అయినా, పిల్లలున్నవారికి నచ్చుతుంది.

బస విషయానికొస్తే, పోర్ట్ లూయీ సాయంత్రానికే ఖాళీ అవుతుంది. దుకాణాలు మూసేస్తారు, రాత్రి భోజనానికి వెతుక్కోవాలి. మా అతిథిగృహంలో గది శుభ్రంగానే ఉంది కానీ, వేడినీళ్లకు రోజూ గుర్తు చేయాల్సి వచ్చింది. ఉత్తర తీరంలోని గ్రాండ్ బేలో తిండికీ కాలక్షేపానికీ లోటు లేదు, అయితే ఉదయం నగరానికి వచ్చే దారిలో వాహనాల రద్దీ ఎక్కువ. కుటుంబంతో వెళ్లేవారు మెట్రో మార్గంలోని రోజ్ హిల్, కాత్ర్ బోర్న్ వైపు చూసుకోవడం మంచిది. మెట్రో శుభ్రంగా ఉంటుంది, సమయానికి వస్తుంది. బస్సులు చవకే గానీ సాయంత్రం తర్వాత నమ్ముకోవద్దు. టాక్సీ ఎక్కేముందే ధర మాట్లాడుకోవాలి. శాకాహారులకు ఇబ్బంది లేదు: వీధిలో అమ్మే పప్పు పూరీలు, మిరపకాయ వడలు కడుపు నింపుతాయి.

మద్రాసు గెలుపే లాబూర్దొనేకు గండమైంది. సొమ్ము తీసుకుని పట్టణాన్ని తిరిగి ఇచ్చేస్తానని ఆయన ఇంగ్లీషువారికి మాటిచ్చాడు, పుదుచ్చేరిలోని ఫ్రెంచి గవర్నరు డూప్లే ఒప్పుకోలేదు. ఇంతలో తుపాను ఆయన ఓడలను చెల్లాచెదురు చేసింది. ఫ్రాన్సుకు చేరాక, ఈ వ్యవహారంపై వచ్చిన ఆరోపణలతో 1748లో బాస్తీల్ కోటలో ఖైదు. 1751లో నిర్దోషిగా తేలినా ఆరోగ్యం దెబ్బతిని, 1753లో పోయాడు. ఆగ్నేయ తీరంలోని మాయెబూర్ పట్టణానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. అక్కడి మ్యూజియంలో 1744లో మునిగిపోయిన సెయింట్ జెరాన్ ఓడ గంట ఉంది. చక్కెర మిల్లు యంత్రాలు మోసుకొస్తూ ఈశాన్య తీరంలో పగడపు దిబ్బలకు తగిలి పగిలిన ఓడ అది. విమానాశ్రయం మాయెబూర్‌కు దగ్గరే కాబట్టి దీన్ని చివరి రోజుకు ఉంచుకోండి. ఆ రోజు సోమవారమైతే సంత కూడా చూడవచ్చు.