సందక్‌ఫూ వెళ్తే ఏ రాత్రి ఎక్కడ పడుకోవాలి

పోయిన నవంబరులో నేను, మా బావ, మేనల్లుడు కలిసి పశ్చిమ బెంగాల్, నేపాల్ సరిహద్దులోని కొండ సందక్‌ఫూ వెళ్లొచ్చాం. ఆమదాలవలసలో రైలెక్కి హౌరాలో దిగి, టాక్సీలో సియాల్దా పోయి, రాత్రి బండికి న్యూ జల్పాయిగురి, అక్కణ్ణుంచి జీపులో, నడక మొదలయ్యే ఊరు మానేభంజన్. అక్టోబరులోనే పోదామని బావ పట్టుబట్టాడు గానీ, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మన శ్రీకాకుళం జిల్లాని ఏం చేసిందో కళ్లారా చూసినవాణ్ణి, ఆ నెలకి టికెట్లు తీయడానికి నాకు ధైర్యం చాలలేదు.

వచ్చిన దగ్గర్నుంచి అందరూ అడిగేది ఒకటే: మానేభంజన్ నుంచి జీపులు పైదాకా పోతాయి కదా, ఒక్కరోజులో ఎక్కేసి అక్కడే పడుకుంటే పోలా? దయచేసి ఆ పని చేయకండి. మన పక్కనున్న మహేంద్రగిరి 1,501 మీటర్లు, సందక్‌ఫూ 3,636. సముద్రం ఒడ్డున పెరిగిన ఒళ్లు మనది, 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వాంతులు, నిద్ర పట్టకపోవడం ఎవరికైనా రావచ్చు. అందుకే మేం మొదటి రాత్రి తుమ్లింగ్‌లో, రెండోది కాలిపోఖ్రిలో, మూడోది పైన పడుకునేలా ప్లాన్ వేసుకున్నాం.

మూడింటిలో నాకు నచ్చింది తుమ్లింగే. అది నేపాల్ వైపున్న చిన్న ఊరు, మేం దిగింది ఒక కుటుంబం నడిపే ఇల్లు. వంటింట్లో కట్టెల పొయ్యి పక్కనే పీటలేసి కూర్చోబెట్టి వేడివేడిగా పప్పు, అన్నం పెట్టారు. పడుకోబోయే ముందు ఆ ఇంటి దీదీ సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి, మా రగ్గుల్లో కాళ్ల దగ్గర పెట్టి వెళ్లింది. కొంకర్లు పోయిన పాదాలకి ప్రాణం లేచొచ్చింది, తెల్లారుజామున కూడా సీసా గోరువెచ్చగానే ఉంది.

కాలిపోఖ్రిలో మాత్రం ఏడుపొక్కటే తక్కువ. ఒక లాడ్జీకి ఫోన్లో మాట్లాడి అడ్వాన్సు కూడా పంపాం, తీరా వెళ్తే మా గది ఇంకో గుంపుకిచ్చేశారు. భోజనాల గదిలో బల్లల మీద, చెమ్మగా ఉన్న రగ్గులు కప్పుకుని పడుకున్నాం. దానికితోడు పిల్లాడికి తలనొప్పి, నాకు ఒకటే టెన్షన్. పొద్దుటికి తగ్గకపోతే వెనక్కి దిగిపోదామని రాత్రే అనేసుకున్నాం. తలనొప్పి ఉండగా పైకెక్కకూడదు, ఈ ఒక్కటీ గట్టిగా గుర్తుపెట్టుకోండి. అదృష్టం బాగుండి తగ్గింది. బిఖేభంజన్ దాటాక ఆఖరి నాలుగు కిలోమీటర్ల నిట్టెక్కు పలాస జీడిపప్పు నములుతూ, పది అడుగులకోసారి ఆగుతూ ఎక్కాం. మీరు వెళ్తే ముందురోజే మీ గైడు చేత ఫోన్ చేయించి గది ఉందో లేదో కనుక్కోండి, గైడు లేకుండా ఎలాగూ పోనివ్వరు.

పైన సర్కారు వాళ్ల ట్రెక్కర్స్ హట్‌లో దిగాం. చెక్క గది, మంచం, రగ్గులు, అంతే. అటాచ్డ్ బాత్రూం ఉన్న ప్రైవేటు లాడ్జీలూ ఉన్నాయి గానీ, ఒక్క రాత్రికి అంత డబ్బు పెట్టడం నాకు దండగ అనిపించింది. పొద్దున్న బకెట్లో నీళ్ల మీద అద్దంలా మంచు పొర, చెంబుతో కొడితే పగిలింది. అంత ఎత్తులో నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయి, పప్పు ఉడకడానికి చాలాసేపు పడుతుంది, భోజనం సాయంత్రమే చెప్పేయాలి. పవర్ బ్యాంకు రగ్గులోనే పెట్టుకోండి, చలికి ఛార్జింగ్ ఇట్టే పడిపోతుంది. డబ్బులు నోట్లుగానే తీసుకెళ్లండి. జూన్ మధ్య నుంచి సెప్టెంబరు మధ్య వరకు ఈ దారి ఉన్న సింగలీలా నేషనల్ పార్కు మూసేస్తారు, అప్పుడు వెళ్లొద్దు.

తెల్లారుతుంటే ముందు కాంచనజంగ కొస ఎర్రబడింది. తర్వాత ఆ రంగు మెల్లగా కిందికి జారింది. ఎడమవైపు దూరంగా మకాలు శిఖరం, దాని వెనక ఎవరెస్టు. మాట్లాడకుండా నిమిషం ఉండలేని మా బావ అరగంట నోరు విప్పలేదు. దిగడానికి జీపు మాట్లాడుకుంటే దాన్ని మరీ పొద్దున్నే రమ్మనకండి, ఆ కొండల ముందు కాస్త కూర్చోండి. మాకు తొమ్మిదయ్యేసరికి మబ్బు కమ్మేసింది.